టోపీ కింద హిజాబ్

మా అక్క కూతురు అస్నైరా అన్నం తినేటప్పుడు కూడా ఒక కాలు గుమ్మం వైపు పెట్టుకునే తింటుంది. ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది ఎప్పుడు చూసినా. దక్షిణాన మా మరావి ఊళ్ళో యుద్ధం జరిగి అంతా నేలమట్టమయ్యాక అక్క కుటుంబమంతా గుడారాల్లో పడింది. నీళ్ళ లారీ వస్తే బిందె పట్టుకుని అందరికంటే ముందు ఉరికేది ఇదేనట. ఆ ఉరుకుతోనే ఓడెక్కి మనీలా వచ్చేసింది. ఇక్కడి కియాపో పేటలో మసీదు వెనక సందులో నాకో చిన్న భోజనం కొట్టుంది. దాని ముందుకొచ్చి నిలబడి, సంచీ భుజం మీంచి దించకుండానే, "పిన్నీ, నాకేదన్నా పని చూడు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేట్టుంది" అంది.

పొయ్యి దగ్గర పెడితే కొబ్బరి మాడ్చేది. గిన్నెలు తోమమంటే మూతలు సొట్టలు పడేవి. కొట్టుకొచ్చే వాళ్ళలో ఒకాయన సెక్యూరిటీ గార్డు. ఆయనే దాని పొడుగు చూసి, "ఈ పిల్లని ఇక్కడ కుక్కి పెట్టారేంటండీ? మెట్రో స్టేషన్లలో ఆడ గార్డులు దొరక్క చస్తున్నారు" అన్నాడు. అస్నైరా గార్డు శిక్షణ పూర్తి చేసి, గార్డుల్ని పంపే ఏజెన్సీ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి మేడమ్ దాన్ని కిందనుంచి పైదాకా చూసి, మెచ్చుకుని, తల దగ్గర ఆగిందట.

"ఆ గుడ్డ తీసేస్తే ఉద్యోగం రేపట్నించే. యూనిఫారంలో టోపీ ఉంది. టోపీ కింద ఇంకేం ఉండకూడదు."

"ఎందుకు మేడమ్?"

"జనం భయపడతారమ్మా. నాకైతే ఏం పట్టింపు లేదు. మా ఇంట్లో పనిమనిషి కూడా మీ వాళ్ళే."

ఇంటికొచ్చి ఇంత గదిలో అటూ ఇటూ తిరిగింది. గోడ దగ్గరికి పోవడం, వెనక్కి రావడం. "ఏం చెయ్యను పిన్నీ?" అంది. మా అక్కకి మూత్రపిండాల జబ్బు. చెల్లెలు జెహానా చదువు సగంలో ఆగి ఉంది. "అమ్మకి మందులు కావాలా వద్దా?" అన్నాను నేను. ఇంకేం అనగలను?

అలా మొదలైంది. పొద్దున్నే హిజాబ్‌తో బయల్దేరేది. స్టేషన్ మరుగుదొడ్డిలోకి వెళ్ళి, పిన్నులు తీసి, హిజాబ్ మడిచి సంచీలో పెట్టి, జుట్టుకు వల వేసి, టోపీ పెట్టుకుని గేటు దగ్గర నిలబడేది. మొదటి రోజు సాయంత్రం వచ్చి, "చెవులకి గాలి తగులుతుంటే ఎవరో నా వెనకే నిలబడి ఊదుతున్నట్టుంది పిన్నీ. రోజంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నా" అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

మా సందులో విషయం దాగదు. నా దగ్గర రోజూ కాఫీ తాగే హాజీ దిమసంకా ముసలాయన ఒకరోజు అందరూ వినేట్టు అన్నాడు: "పొద్దునొక రకం, సాయంత్రం ఇంకో రకం. మీ పిల్ల మనిషా, వాతావరణమా?"

అస్నైరా బూట్లు తుడుచుకుంటోంది. తల ఎత్తకుండానే, "తాతా, మా అమ్మ మందులు నువ్వు కొను. రెండు పూటలా ఒక్కలాగే ఉంటా" అంది. ముసలాయన కాఫీలోకి చూస్తూ కూర్చున్నాడు. కానీ నాకు తెలుసు, ఆ మాట దానికి గుచ్చుకుంది. ఆ పూట అన్నం సగంలో వదిలేసి, గాలి పీల్చుకుంటానని బయటికి వెళ్ళిపోయింది.

స్టేషన్లో దాన్ని అందరూ ఆష్ అనేవాళ్ళు. ఎక్కడిదో, ఏ మతమో ఎవరూ అడగలేదు, ఇది చెప్పలేదు. ఆడవాళ్ళ వరసలో దీనితో పాటు నిలబడే మారివిక్ అనే అమ్మాయి పొట్టిగా, గుండ్రంగా ఉండేది. నోటికి మూత ఉండేది కాదు. మధ్యాహ్నం తన డబ్బాలో అన్నం దీని డబ్బాలో పెట్టందే తినేది కాదు. మొదటిసారి పంది మాంసం కూర తెచ్చి ముందు పెడితే దీనికి ఏం చెప్పాలో తోచలేదు.

"నాకది పడదు. తింటే ఒళ్ళంతా దద్దుర్లు."

"అయ్యో! పాపం! పుట్టినప్పట్నించీనా?"

"పుట్టినప్పట్నించే."

ఆ మర్నాటి నుంచి మారివిక్ కోడికూరే తెచ్చేది. ఈ మాట చెప్పి అస్నైరా ఆరోజు కడుపుబ్బ నవ్వింది. మేమిద్దరం నవ్వాం.

నవ్వు రాని సంగతులు కూడా తెచ్చేది ఇంటికి. వాళ్ళ పై గార్డు టొలెంటినో రోజూ పొద్దున వరసలో నిలబెట్టి చెప్పేవాడట: "మామూలు వాళ్ళ సంచీల్లో పుల్లతో అలా కదిపి పంపెయ్యండి. తలగుడ్డ వాళ్ళొస్తే మాత్రం మొత్తం కుమ్మరించండి. మొహమాటం వద్దు." ఇది కుమ్మరించేది. దువ్వెనలు, బిడ్డల బట్టలు, ఖురాను, అరటాకులో కట్టిన పసుపన్నం పొట్లాలు, అన్నీ బల్ల మీద. వెనక నిలబడ్డ వాళ్ళు కొంచెం కొంచెం పక్క వరసలోకి జరిగిపోయేవాళ్ళు. ఒకావిడ తన బిడ్డని కాళ్ళ వెనక్కి లాక్కుందట. మరావి వైపు మన మరనావ్ తెగ మనిషే ఒకామె బట్టలు తిరిగి సర్దుకుంటూ, దీనికి మన భాష రాదనుకుని, "నీ చేతులు పడిపోను, నీ కడుపున నీలాంటిదే పుట్టను" అని మన మాటల్లోనే దీవించి పోయింది. "తప్పు సర్దావమ్మా, ఖురాను పైన పెట్టుకో అందామనుకున్నా పిన్నీ. నోటిదాకా వచ్చింది" అంది అస్నైరా.

ఆవిడ వెళ్ళాక మారివిక్, "ఆ గుడ్డల కింద ఏం పెట్టుకుంటారో ఎవరికి తెలుసే? అసలు జుట్టుంటుందో లేదో" అందట.

"జుట్టే ఉంటుంది."

"నీకెలా తెలుసు?"

"తనిఖీ చేస్తున్నాగా రోజూ."

అన్నిటికంటే దీన్ని కుదిపేసింది ఇంకొకటుంది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే లిగాయా అనే పెద్దావిడ రోజూ ఆ స్టేషన్లోనే రైలెక్కేది. వచ్చినప్పుడల్లా సంచీలోంచి ఒక పిప్పరమెంటు బిళ్ళ తీసి దీని చేతిలో పెట్టేది. "నీ నవ్వు చూడకపోతే నాకు తెల్లారినట్టుండదమ్మాయ్" అనేది. ఒకరోజు సాయంత్రం అస్నైరా డ్యూటీ దిగి, హిజాబ్ కట్టుకుని, ఎదురెదురు సీట్ల జీప్నీ బండెక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. కొంచెం దూరం పోయాక లిగాయా ఎక్కి దీని పక్కనే కూలబడింది. జీప్నీలో వెనక వాళ్ళ చార్జీ డబ్బులు చేతులు మారి డ్రైవరుకు చేరాలి కదా. ఆవిడ డబ్బులు తీసింది. అందుకుందామని ఇది సంతోషంగా చెయ్యి చాచింది, పలకరిద్దామని నోరు కూడా తెరిచింది. ఆవిడ ఆ చేతిని చూసింది, హిజాబ్ చూసింది, మొహం చూడనేలేదు. సంచీని ఒళ్ళోకి లాక్కుని, ఊగుతున్న బండిలో వంగి లేచి, దీని భుజం మీదుగా తనే డ్రైవరుకు డబ్బులిచ్చి, వెళ్ళి ఎదుటి సీట్లో చివర ఇరుక్కుని కూర్చుంది.

మర్నాడు పొద్దున మళ్ళీ పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చింది.

"తీసుకున్నావా?" అన్నాను.

"తీసుకున్నా. నవ్వా కూడా. బిళ్ళ మాత్రం నోట్లో పెట్టుకోలేకపోయా." కొట్టు ముందు అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తూనే చెప్పింది. "నాకు ఆవిడ మీద కోపం లేదు పిన్నీ. పొద్దున ఆవిడ నవ్వితే నాకు బాగుంటుంది చూడు, దాని మీద కోపం."

ఆ తర్వాత దానికి తిండి లేదు, నిలకడ లేదు. సెలవు రోజున సముద్రం గట్టుదాకా నడిచిపోయి, చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చేది. "పని మానేస్తావా?" అంటే, "మానేసి?" అనేది. "పోనీ అలవాటు చేసుకో" అంటే, "అలవాటవుతోందనే భయంగా ఉంది" అనేది.

ఆ రోజుల్లోనే దక్షిణాన మా దీవుల వైపు ఎక్కడో బాంబు పేలిందని టీవీల్లో మోగిపోయింది. స్టేషన్లలో కుక్కల్ని దింపారు. ఆ మర్నాడు పొద్దున మహా రద్దీలో బోలావన్ అనే ముసలామె, మన మరావి వైపు మనిషే, ఆడవాళ్ళ వరసలోకి వచ్చింది. నల్లటి హిజాబ్, కాళ్ళదాకా గౌను, చంకలో తాళ్ళతో కట్టిన పెద్ద అట్టపెట్టె. ఊరినుంచి మనవరాలి పెళ్ళికి వచ్చింది. అల్లుడు టికెట్ల దగ్గర ఉన్నాడు. ఆమెకి మన భాష తప్ప ఇంకో ముక్క రాదు.

పెట్టె మీద లోహాన్ని పసిగట్టే యంత్రం పెట్టగానే అది కీచుమంది. తీసి పెడితే మళ్ళీ కీచుమంది. మారివిక్ పెట్టె పట్టుకోబోతే ముసలామె రెండు చేతులా వాటేసుకుంది. కుక్క మొరిగింది. వరసలో ఎవరో ఆ మాట అన్నారు, బాంబు అని. అంతే. జనం మెట్ల మీంచి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ దిగడం మొదలుపెట్టారు. ఒకతని చెప్పు ఊడిపోయింది, ఒకావిడ ఏడుపు. టొలెంటినో ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఆష్! ముందు ముసలిదాని తలగుడ్డ తీయించు! లోపల వైర్లున్నాయేమో చూడు. ఇక్కడే, నా కళ్ళ ముందు!"

అస్నైరా ముసలామె దగ్గరికి వెళ్ళింది. తీయలేదు. మన భాషలో, "అమ్మమ్మా, భయపడకు. నేను మనూరిదాన్నే. పెట్టెలో ఏముందో చెప్పు" అంది.

ముసలామె పెట్టె వదలకుండానే దాన్ని టోపీ నుంచి బూట్ల దాకా చూసింది. "మనూరిదానివా? మరి నీ తల మీద గుడ్డేదే?"

"అది తర్వాత తిడుదువుగానీ. పెట్టెలో ఏముంది?"

"గంటలే తల్లీ. పెళ్ళిలో వాయించొద్దూ? మా అత్తగారివి. యుద్ధంలో పాతిపెట్టి దాచుకున్నాం. వీళ్ళు పగలగొడతారు."

అస్నైరా పెట్టె నేల మీద పెట్టి, తాడు విప్పింది. టొలెంటినో "ముట్టుకోకు" అని అరుస్తున్నాడు, తను మాత్రం స్తంభం వెనక నిలబడ్డాడు. పాత చీరల్లాంటి గుడ్డల్లో చుట్టి, బోర్లించిన గిన్నెల్లా, నడుమ బొడిపెలున్న ఇత్తడి గంటలు వరసగా ఉన్నాయి, పెద్దవి, చిన్నవి. ఒకటి తీసి ఎడమ చేత్తో ఎత్తి పట్టుకుని, సంచీలు కదిపే పుల్లతో బొడిపె మీద కొట్టింది. ఆ మోత స్టేషన్ కప్పు దాకా వెళ్ళి, చాలాసేపు తిరుగుతూనే ఉందట. మెట్ల మీద ఆగిపోయినవాళ్ళు తలలెత్తి చూశారు. ఒకతను నవ్వాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. అప్పటికి అల్లుడు జనాన్ని తోసుకుంటూ వచ్చి, "మా అత్తయ్యండీ, పెళ్ళి గంటలండీ" అంటూ అందరికీ దణ్ణాలు పెట్టాడు. ఇదంతా తర్వాత నా కొట్టులో కూర్చుని అతను కూడా చెప్పాడు.

టొలెంటినో మొహం ఎర్రబడింది. "గంటలు సరే. తల?"

"తెర వెనక చూస్తాను సార్. ఇక్కడ తీయను."

"నేను చెప్పాక కూడానా?"

"ఆడవాళ్ళని తెర వెనకే చూడాలని మీరే కదా సార్ నేర్పించింది."

ముసలామెని తెర వెనక్కి తీసుకెళ్ళింది. హిజాబ్ కింద ఏముంటుంది? పల్చబడ్డ తెల్ల జుట్టు, ఒక దువ్వెన. ముసలామె అక్కడే, "ఎవరి కూతురివి? మీ తాత పేరేంటి?" అని వంశమంతా తవ్వి, చివరికి తన ఆడపడుచు వైపు ఏదో చుట్టరికం తేల్చుకుంది. "అయితే నువ్వు నాకు మనవరాలి వరస. పెళ్ళికి రా. వచ్చేటప్పుడు మాత్రం తల కప్పుకుని రా" అంది. అల్లుడి చేత పెట్టె పట్టించుకుని రైలెక్కేసింది.

బయటికొస్తే అందరూ దీన్నే చూస్తున్నారు. టొలెంటినో దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "నువ్వు వాళ్ళ పిల్లవా?" అన్నాడు.

"అవును సార్."

"ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"మీరు అడగలేదు సార్."

అతను ఈల జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం దీని సంచీని, అల్మారాను వెతికించాడు. తోటివాళ్ళే వెతికారు. మడిచిన హిజాబ్ తప్ప ఏం దొరుకుతుంది? దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కన పెట్టారట. దీనికి అదేం పెద్ద బాధ కాలేదు. మారివిక్ అన్నం డబ్బా తీసుకుని దూరంగా వెళ్ళి కూర్చుంది. ఇది దగ్గరికి వెళితే ఒక్కసారిగా భగ్గుమంది.

"దద్దుర్లా? దద్దుర్లంటావా నాతో? చర్చిలో కొవ్వొత్తి వెలిగించానే నీ దద్దుర్ల కోసం! రెండుసార్లు!"

అస్నైరా తన డబ్బా మూసేసి గేటు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నా దగ్గర కూర్చుని మొదటిసారి ఏడ్చింది. "ఆ పుల్ల పెట్టి గంట కొట్టినప్పుడు నాకేం భయం వెయ్యలేదు పిన్నీ. కొవ్వొత్తి సంగతి విన్నాకే..." అని ఆగిపోయింది.

మర్నాడు స్టేషన్ మరుగుదొడ్డికి వెళ్ళలేదు. నల్ల హిజాబ్ మెడ చుట్టూ బిగించి కట్టి, కొసలు చొక్కాలోకి దోపి, దానిమీద టోపీ పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. టొలెంటినో ఇంకా రాలేదు. జనం వస్తున్నారు. కొందరు ఆగి పక్క వరసలోకి పోతున్నారు. కొందరు గమనించకుండానే సంచీ తెరిచి చూపించి వెళ్ళిపోతున్నారు. లిగాయా వచ్చింది. అలవాటుగా చెయ్యి సంచీలోకి పోయింది, తలెత్తింది, చెయ్యి అక్కడే ఆగింది.

"గుడ్ మార్నింగ్ ఆంటీ. సంచీ తెరవండి."

ఆవిడ తెరిచింది. ఇది పుల్లతో కదిపింది. బిళ్ళల పొట్లం పైనే ఉంది. "థాంక్యూ ఆంటీ" అంది. లిగాయా సంచీ మూసుకుని కదిలింది. పైకి వెళ్ళే మెట్ల మీద ఆగి వెనక్కి చూసింది. ఆ తర్వాత ఆవిడ ఏమనుకుందో మాకెప్పటికీ తెలియలేదు.

టొలెంటినో వచ్చి చూసి, అరవలేదు. "ఇంటికెళ్ళు. ఏజెన్సీ వాళ్ళతో మాట్లాడుకో" అన్నాడు.

ఏజెన్సీ వాళ్ళు పొమ్మనలేదు, ఉండమనలేదు. ఈ పనిలో దాన్ని తేలుతూ ఉండటం అంటారు. ఉద్యోగం ఉన్నట్టే, గేటు మాత్రం ఉండదు, జీతమూ ఉండదు. "కబురు చేస్తాం" అంది మేడమ్. దీనికి కబురు కోసం ఇంట్లో కూర్చునే ఓపిక ఎక్కడిది? రోజూ యూనిఫారం ఇస్త్రీ చేసుకుని, హిజాబ్ మీద టోపీ పెట్టుకుని, ఆ ఆఫీసు బెంచీ మీదికి పోయేది. సాయంత్రం వచ్చి నా గిన్నెలన్నీ కసిగా తోమేది. హాజీ దిమసంకా ఒకసారి, "ఇప్పుడు చక్కగా ఉన్నావమ్మా" అన్నాడు. "చక్కగానే ఉన్నా తాతా. పనే లేదు" అంది. ఆయన మళ్ళీ దాని జోలికి రాలేదు.

ఒక మధ్యాహ్నం సందు మొదట్లో యూనిఫారం వేసుకున్న పొట్టి పిల్ల నిలబడి, లోపలికి రావాలా వద్దా అని తటపటాయిస్తోంది. రోడ్డవతల చర్చికి ఏళ్ళుగా వస్తోంది, ఈ సందులో మాత్రం ఎప్పుడూ కాలు పెట్టలేదట. నేనే పిలిచాను.

"రావచ్చాండీ? చెప్పులు విప్పాలా?"

"మసీదుకి విప్పాలి. నా కొట్టుకి ఆకలుంటే చాలు."

మారివిక్‌కి అన్నం, పక్కన పాలపా పెట్టాను. అల్లం, ఉల్లికాడలు, మిరపకాయలు దంచి వేయించే మా కారం. ఒక ముద్దకే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అస్నైరా నీళ్ళు తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీ ముందు మీ వాళ్ళని ఎన్ని మాటలన్నానే నేను!" అంది మారివిక్ ముక్కు తుడుచుకుంటూ. "ఒక్కసారన్నా నోర్ముయ్యి అనలేదేం?"

"అంటే ఉద్యోగం పోయేది."

"నేను వెళ్ళి చెప్తానా?"

"చెప్పవా?"

మారివిక్ చాలాసేపు అన్నం కలుపుతూ కూర్చుంది. "ఏమో" అంది చివరికి. "అప్పుడైతే చెప్పేదాన్నేమో."

అస్నైరా ఆమె పళ్ళెంలో ఇంకో చేప ముక్క వేసింది.

మారివిక్ ఊరికే రాలేదు. ఓ ధర్మాసుపత్రిలో కాన్పుల వార్డు గేటుకి ఆడ గార్డు కావాలని ఏజెన్సీకి కబురొచ్చిందట. చేపల రేవు వైపు నుంచి మన ఆడవాళ్ళు కాన్పులకి అక్కడికే వస్తారు. మగ గార్డు చెయ్యి వేస్తుంటే కొందరు నొప్పులతోనే వెనక్కి వెళ్ళిపోతున్నారని హెడ్ నర్సు మొత్తుకుంటోందట. "వాళ్ళు ఇంకెవరినో పంపుతారు. నువ్వెళ్ళి మేడమ్ బల్ల మీద కొట్టి అడుగు" అంది మారివిక్. అస్నైరా అప్పటికే లేచి నిలబడింది.

మేడమ్ వెంటనే ఒప్పుకోలేదు. హెడ్ నర్సుతో ఫోన్లో మాట్లాడాక, "ఒక్క ఫిర్యాదు వచ్చినా తీసేస్తాను" అని పంపింది.

ఫిర్యాదులు వచ్చాయి. ఒకటి కాదు. హెడ్ నర్సు వాటిని తన దగ్గరే ఆపేస్తోందని విన్నాను. ఎంతకాలం ఆపుతుందో తెలియదు. మొన్న దానికి అన్నం పట్టుకుని నేనే వెళ్ళాను. గేటు దగ్గర ఒకతను క్యారేజీ చేత్తో పట్టుకుని నిలబడి, "వేరే గార్డు లేరా?" అంటున్నాడు.

"ఉన్నాడు సార్. మధ్యాహ్నం దాటాక వస్తాడు. అప్పటిదాకా మీ ఆవిడ ఆకలితో ఉంటుంది. మూత తీస్తారా?"

అతను దాని టోపీ కేసి, హిజాబ్ కేసి, నా కేసి చూశాడు. మూత తీశాడు. మునగాకు వేసిన కోడి పులుసు, పొగలు కక్కుతోంది. "పాలు పడతాయి, మంచిది. వెళ్ళండి" అంది. అతను థాంక్స్ చెప్పలేదు. వెళ్ళాడు.

ఇప్పుడు జెహానా కూడా ఊరినుంచి వస్తానంటోంది, గార్డు శిక్షణ తీసుకుంటానంటోంది. అస్నైరా వెళ్ళి మేడమ్‌ని అడిగింది.

"మీ చెల్లెలు కూడా గుడ్డ కట్టుకునే వస్తుందా?" అందట మేడమ్.

"కట్టుకునే వస్తుంది మేడమ్."

"చూద్దాం" అంది మేడమ్. నెల గడిచింది. అస్నైరా డ్యూటీ దిగి ఇంటికి రాకుండా, రోజూ ముందు ఆ ఆఫీసు మెట్లెక్కి అడిగి మరీ వస్తోంది.